వేట మరిచిన బూజు

నా భార్యను పెద్దసారు చంపాడు. ఇందులో వాదన లేదు. కత్తి పట్టలేదు, విషం పెట్టలేదు. "ప్రయోగానికి ఎంచిన రోగుల్లో మీ ఆవిడ లేరు, నియమాలు ఒప్పుకోవు" అన్నాడు. మందు ఆయన గదిలో చల్లటి అలమరలో ఉంది. మా ఆవిడ బయట వరండాలో బల్ల మీద ఉంది. మధ్యలో నియమాలు ఉన్నాయి. మూడు నెలలకి ఆవిడ పోయింది. దీన్ని పోలీసు రికార్డులో నేరం కింద రాయరని నాకు తెలుసు, ఆ ఉద్యోగం చేసి మానేసినవాణ్ణి. రాయనంత మాత్రాన నేరం కాకుండా పోదు.

ఆ మనిషి పోగొట్టుకున్న సొత్తు వెతికిపెట్టమని నా మరదలు వచ్చి అడిగింది.

మరదలంటే మా ఆవిడ సొంత చెల్లెలు. దాని కూతురు గువ్వకి ఏడేళ్ళు. అక్కను తీసుకుపోయిన రక్తం జబ్బే పిల్లకీ వచ్చింది. అందరికీ ఎక్కించే ఎంజైము మందు పిల్లకి పడలేదు. రెండోసారి ఎక్కించినప్పుడు గొంతు వాచి ఊపిరి ఆగబోయింది. అప్పుడు నా మరదలు అక్కను కాదన్నవాడి గుమ్మమే ఎక్కింది. పెద్దసారు ఈసారి నియమాలు మార్చుకున్నాడు, సముద్రపు బూజు నుంచి తీసిన తన మందు పిల్లకి ఇచ్చాడు. అది పడింది. బిడ్డ కోసం ఎక్కింది కాబట్టి మరదల్ని నేనేమీ అనలేదు. దాని ఇంట్లో భోజనం మాత్రం మానేశాను.

"బావగారూ, ఆయన మీద మీ కోపం మీదే. ఉంచుకోండి," అంది గుమ్మం దగ్గరే నిలబడి. "వార్డులో ఒక్క సీసా మిగిలింది. అది ఎల్లుండికి. ఆ తర్వాత ఇవ్వడానికి ఏమీ లేదంటున్నారు. బూజు ఎవరో ఎత్తుకుపోయారట. అది లేకపోతే మందు లేదు. మందు లేకపోతే..."

ఆ వాక్యం చివర ఏముంటుందో మా ఇంట్లో ఒకసారి చూశాను.

చొక్కా మార్చుకుని బయల్దేరాను.

*

ప్రయోగశాల ఆసుపత్రి వెనక భవనంలో కింది అంతస్తు. పొడవాటి గది, మధ్యలో రాతి బల్ల, ఒక పక్క చల్లటి అలమర, మరో పక్క గొట్టాలను ఊపుతూ ఉండే యంత్రం. మూలన మనిషి నడుమెత్తు ఉక్కు పెట్టె ఒకటి ఉంది, ఆవిరితో ఉడికించేది. దాన్ని అక్కడివాళ్ళు కుక్కర్ అంటారు. పనికిరాని బూజుల్ని అందులో ఉడికించి చంపి బయట పారేస్తారు.

పెద్దసారు నన్ను గుర్తుపట్టాడు. కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

ఆయన చెప్పింది ఇది. ఆ బూజు సముద్రంలో మునిగి కుళ్ళిన చెక్క మీద దొరికింది. దాన్ని గాజు గొట్టాల్లో, ఉప్పునీటితో చేసిన మేత మీద పెంచుతారు. క్యాన్సర్ కణం తనకు కావలసిన పదార్థం ఒకటి సొంతంగా తయారు చేసుకోలేదు, రక్తంలోంచి ఎత్తుకు తింటుంది. బూజు విడుదల చేసే ఎంజైము ఆ పదార్థాన్ని రక్తంలోనే విరిచేస్తుంది. కణం ఆకలితో చస్తుంది. అంతే కథ. ఆ బూజు ఉన్న గొట్టాలన్నీ, స్టాండుతో సహా, నిన్న పొద్దున అలమర తెరిచేసరికి లేవు. తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవులు రెండు. ఒకటి ఆయన దగ్గర, ఒకటి సహాయకురాలి దగ్గర. మొన్న సాయంత్రం తాను ముందే ఇంటికి వెళ్ళిపోయానని, ఆ అమ్మాయి ఇంకా గదిలోనే ఉందని చెప్పాడు. పోలీసులు ఆమెను నిన్న మధ్యాహ్నమే తీసుకెళ్ళారు.

"ఎంత ముందు వెళ్ళారు?" అని అడిగాను.

"అయిదున్నర అయి ఉంటుంది."

అడిగిన ప్రతిదానికీ జవాబు సిద్ధంగా ఉంది. పిల్ల గురించి మాత్రం ఒక్క మాట తనంతట తాను ఎత్తలేదు. మందు ఆగిపోతే చచ్చే పిల్ల పక్క భవనంలో ఉంది. మందు పోగొట్టుకున్న డాక్టరు మొదట ఆ పిల్ల పేరే ఎత్తాలి. ఈయన తాళం గురించి మాట్లాడుతున్నాడు.

గేటు దగ్గరికి నడిచాను. కాపలావాడు యాభై దాటిన మనిషి, కుర్చీకి ఒక కాలు పొట్టి, దాన్ని ఇటుకతో సరిచేసుకున్నాడు. సహాయకురాలు ఎప్పుడు వెళ్ళిందంటే వెంటనే చెప్పాడు. ఆరు కొట్టే వేళకి, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో వెళ్ళిందట. పోలీసులకూ అదే చెప్పానన్నాడు. పెద్దసారు ఎప్పుడు వెళ్ళారంటే తల గోక్కున్నాడు.

"పెద్దసారు సంగతి మాకేం తెలుస్తుంది సార్? ఆయన కారు కనబడితే గేటు ఎత్తుతాం. ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్ళారు అని చూస్తే ఉద్యోగం ఉంటుందా?"

"కారు ఆరు తర్వాత ఉందా, లేదా?"

"ఉంది. కుక్కర్ కూసిందిగా. అది కూసినప్పుడు నాకు టీ గుర్తొస్తుంది. కారు పక్కనించే టీకి వెళ్ళాను."

"ఆ కుక్కర్ రోజూ సాయంత్రమే కూస్తుందా?"

"లేదండీ, పొద్దున. ఆ అమ్మాయి రాగానే వేస్తుంది. సాయంత్రం కూయడం కొత్తే."

"ఇది పోలీసులకి చెప్పావా?"

"వాళ్ళు అమ్మాయి గురించి అడిగారు. అమ్మాయి గురించి చెప్పాను."

వెనక్కి వెళ్ళి ఉక్కు పెట్టె మూత ఎత్తాను. గోడలు అద్దంలా ఉన్నాయి. పాత పెట్టె, మూత పిడి అరిగిపోయింది, అయినా లోపల తుప్పు చుక్క లేదు. అడుగున మాత్రం తెల్లటి పొర ఎండి పగుళ్ళిచ్చింది. వేలితో గీకి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు.

ఏళ్ళ తరబడి ఉప్పునీటి సరుకు ఉడికించిన పెట్టెకి తుప్పు పట్టలేదంటే, వాడిన ప్రతిసారీ ఎవరో లోపలంతా తుడుస్తున్నారు. ఈసారి తుడవలేదు. కాబట్టి ఈసారి ఉడికించింది రోజూ తుడిచే మనిషి కాదు. మా ఊరి బడిలో నేర్చుకున్న చదువుకి ఇది చాలు. వండినవాడికి గిన్నె కడిగే అలవాటు లేదు. అలాంటివాడు ఎవరింట్లోనైనా ఒక్కడే ఉంటాడు, యజమాని.

"ఏం గురువుగారూ, ఉప్పు సరిపోయిందా?"

వెనక లక్క నిలబడి ఉన్నాడు. పేరు అది కాదు. ఏ కేసుకి వెళ్ళినా ముందు లక్క కరిగించి తలుపుకి ముద్ర వేసి, తర్వాత ఆలోచిస్తాడు కాబట్టి డిపార్ట్‌మెంటు అంతా లక్క అనే పిలుస్తుంది. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు. నా కిందే పని నేర్చుకున్నాడు. ఏం నేర్చుకున్నాడో ఇప్పటికీ తేలలేదు.

"ఇంట్లో వండిపెట్టే మనిషి లేకపోతే ఇంతే," అన్నాడు తన కానిస్టేబుళ్ళ వైపు తిరిగి. "పాపం, ఆసుపత్రి గిన్నెలు నాకుతున్నారు."

వాళ్ళు నవ్వలేదు. వాళ్ళలో ఒకడు మా ఆవిడ శవాన్ని మోసినవాడు.

"ఆ అమ్మాయి ఒప్పుకుందా?" అన్నాను.

"ఒప్పుకుంటుంది. క్యారియర్‌లో ఏం తీసుకెళ్ళావంటే నోరు విప్పదు. ఏదో మందుల కంపెనీకి అమ్మేసింది, అంతే. సాయంత్రం ఈ గదికి సీలు. కరెంటు మెయిన్ ఆపేసి, తాళం వేసి, ముద్ర."

"మెయిన్ ఆపితే అలమర, యంత్రాలు?"

"ఆగుతాయి. దొంగతనం జరిగిన చోట చల్లగాలి దేనికి?"

"విత్తనం దొంగిలించేవాడు గుప్పెడు పట్టుకుపోతాడు," అన్నాను. "ఒక్క గొట్టం చాలు, దాన్నుంచి ఇల్లంతా నింపుకోవచ్చు. గాదె మొత్తం ఖాళీ చేశాడంటే వాడికి విత్తనం అక్కర్లేదు. ఇంకెవరికీ మిగలకూడదు."

"సామెతలు కోర్టులో చెల్లవు గురువుగారూ."

"లక్క కూడా ఎండకి కరుగుతుంది."

వాడి మొహం ఎర్రబడింది. ఈ కేసులో నాకేం పనని, బంధువుని కాబట్టి వార్డులో కూర్చుని పండ్లు వలిచి పెట్టుకోవచ్చని అన్నాడు. పోనీ మీ బతుకంతా ఒక్క కేసులోనూ పొరబడలేదని చెప్పుకుంటారుగా, ఈ ఒక్కదాంట్లో పొరబడితే చూడాలని ఉందనీ అన్నాడు. అది మాత్రం నిజమే. ఆ ఒక్క పేరు తప్ప నాకు మిగిలిందేమీ లేదు. భార్య లేదు, పిల్లల్లేరు, ఉద్యోగం లేదు.

*

స్టేషన్‌లో రైటరు నా పాత మనిషి. లక్క తిరిగి వచ్చేలోగా మాట్లాడుకోమని లోపలికి పంపాడు.

సహాయకురాలికి ముప్ఫై ఉంటాయి. సముద్రపు నీళ్ళు డబ్బాల్లో మోసుకొచ్చేది కాబట్టి ప్రయోగశాలలో ఆమెను ఉప్పమ్మ అంటారు. చేతి వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. నన్ను చూసి మళ్ళీ నేలకేసి చూసింది.

నేను ప్రశ్న వేయలేదు. తెలిసింది చెప్పాను. గొట్టాలు ఎవరూ ఎత్తుకుపోలేదని, నువ్వు వెళ్ళాక పెద్దసారు వాటిని కుక్కర్‌లో ఉడికించాడని, అడుగున ఉప్పు తుడవలేదని చెప్పాను.

ఆమె తల ఎత్తింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, కానీ మొదట నోట వచ్చింది పెట్టె గురించిన మాటే.

"తుడవలేదా? నిన్న ఈ గొడవలో ఆ పెట్టె మూత తీయనేలేదు. ఆ ఉప్పు పెట్టెను తినేస్తుంది సార్. లక్షసార్లు చెప్పాను ఆయనకి."

"అన్నీ ఉడికించాడమ్మా. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ నీ క్యారియర్‌లో పోయింది."

గోడ అవతల ఎవరో దెబ్బలు తింటున్న చప్పుడు. ఆమె నెమ్మదిగా మొదలుపెట్టింది.

బూజును నెలనెలా కొత్త మేత ఉన్న గొట్టంలోకి మార్చాలి. మొదట్లో దానికి పెట్టింది కటిక మేత. అది విరగ్గొట్టాల్సిన ఆ ఒక్క పదార్థం, ఉప్పునీళ్ళు, అంతే. తిండి కావాలంటే ఎంజైము విడుదల చేయాలి, వేరే దారి లేదు. కానీ అలా పెట్టిన బూజు నత్తలా పెరిగేది. మందు త్వరగా కావాలి, పెద్దసారు మీటింగులో ఎక్కువ చూపించాలి. అందుకని మేతలో చక్కెర కలపమన్నాడు. కలిపితే బూజు దూదిలా పొంగింది. అందరూ మురిసిపోయారు. నెలలు గడిచేకొద్దీ ఎంజైము తగ్గుతూ వచ్చింది.

"పాలు పోసి పెంచిన పిల్లి వేట మానేసినట్టు సార్. ఒళ్ళు చేసింది, పని మరిచింది. మళ్ళీ కటిక మేత పెట్టి చూశాను. ఆకలితో చచ్చింది గానీ వేట మొదలుపెట్టలేదు."

"ఆయనకి చెప్పావా?"

"చెప్పాను. వచ్చే నెల బయటినుంచి డాక్టర్లు వస్తున్నారు, గొట్టాలు పరీక్షిస్తారు. అప్పుడు బయటపడుతుంది కదా. మొన్న సాయంత్రం 'అన్నీ తీసేద్దాం' అన్నారు. నాకు భయం వేసింది. మొదట చెక్క మీంచి తీసినప్పటి గొట్టం ఒకటి ఉంది, పైన నూనె పోసి నిద్రపుచ్చింది. దానికి చక్కెర రుచి తెలీదు. అదొక్కటే తీసుకున్నాను. మా అత్తగారి ఫ్రిజ్‌లో, కూరగాయల అడుగున ఉంది."

"ఇన్‌స్పెక్టరుకి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పట్టుకొస్తారు కదా. సాక్ష్యం అని ఈ గదిలో పెడతారు. చూడండి సార్, ఇక్కడ గోడ ముట్టుకుంటే కాలుతోంది. ఒక్క పూట చాలు, చస్తుంది. నన్ను జైల్లో పెట్టినా ఫరవాలేదు, అది మాత్రం చావకూడదు."

నేను లేచాను. ఆమె నా చొక్కా చేయి పట్టుకుంది.

"వార్డులో పాప సీసా ఒకటి ఉండాలి. అది నేను నింపింది కాదు. ఈ మధ్య ఎక్కించిన రెండు విడతలూ, ఈ సీసా కూడా ఆయనే నింపారు, నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఒకసారి పరీక్ష చేయండి సార్."

ఎలా చేయాలో చెప్పింది. మూడో అరలో, ఎంజైము విరగ్గొట్టే ఆ పదార్థం కలిపిన పసుపు రంగు నీళ్ళ సీసా ఉంటుంది. రెండు గాజు గొట్టాల్లో ఆ నీళ్ళు పోయాలి. ఒకదాంట్లో వార్డులో అందరికీ వాడే మామూలు ఎంజైము మందు చుక్క, రెండోదాంట్లో పాప మందు చుక్క. చేతిలో పట్టుకుని వెచ్చగా ఉంచాలి. మందు మందైతే నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి.

*

నర్సు దగ్గర రెండు చుక్కలు అడిగి తెచ్చుకున్నాను. పెద్దసారు గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. పసుపు సీసాను ఆయన బల్ల మీద పెట్టాను. దాన్ని చూడగానే ఆయన చేతిలో కలం ఆగింది.

రెండు గొట్టాలూ నా పిడికిట్లో పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఈసారి కూర్చున్నాను. ఆయన ఏదో మొదలుపెట్టాడు, నేను వద్దన్నాను. రంగు మాట్లాడనివ్వమన్నాను. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. మామూలు మందు గొట్టంలో అడుగున ముందు నారింజ, తర్వాత గులాబీ మొదలై పైకి పాకింది. పూర్తిగా తిరిగింది.

పిల్ల గొట్టం పసుపుగానే ఉంది.

ఇంకాసేపు పట్టుకున్నాను. చెయ్యి నొప్పి పుట్టింది. నా ఒంటి వేడి అంతా దానికిచ్చాను. రంగు మారలేదు.

"ఏముంది ఇందులో?" అన్నాను.

"ఉప్పునీళ్ళు," అన్నాడు. "శుభ్రమైనవే. హాని లేదు."

నేను ఆ మనిషిని కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో నాకు తెలియదు.

తర్వాత ఆయనే చెప్పుకొచ్చాడు. ముందు విడతలు నిజమైన మందే అన్నాడు. పిల్ల కోలుకుంటోందని అందరికీ చెప్పాక మందు అయిపోయింది. కొత్తది పనిచేయలేదు. ఒక నెల ఆగితే బూజు దారికొస్తుందనుకున్నాడు. ఒకసారి ఉప్పునీళ్ళు ఎక్కించాక రెండోసారి ఎక్కించక తప్పలేదు. బయటి డాక్టర్లు వస్తున్నారని తెలిశాక గొట్టాలన్నీ ఉడికించేశాడు. దొంగతనం అంటే జాలిపడతారు, చేతకానితనం అంటే నవ్వుతారు.

"నిన్నటి రక్తపరీక్షలో చెడ్డకణాలు మళ్ళీ కనబడ్డాయి," అన్నాడు బల్లకేసి చూస్తూ. "తల్లికి ఇంకా చెప్పలేదు."

నా చేతిలో ఆయన మెడ ఉంది. రెండు గాజు గొట్టాలు, కాపలావాడి మాట, కుక్కర్‌లో ఉప్పు, ఆ అమ్మాయి సాక్ష్యం. లక్కను పిలిస్తే చాలు. ఈయన సంకెళ్ళతో అదే వరండాలోంచి, అదే బల్ల పక్కనించి నడుస్తాడు. మూడేళ్ళుగా నేను నిద్రలో చూస్తున్నది అదే.

"పాత గొట్టం ఒకటి బతికి ఉంది," అన్నాను. "చక్కెర తినంది. దాన్ని లేపి మందు తీయడం ఎవరికి వచ్చు?"

ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. అది చూసి అసహ్యం వేసింది.

"పెంచడం ఆ అమ్మాయికి వచ్చు. శుద్ధి చేసి రక్తంలోకి పంపేలా చేయడం నాకే వచ్చు. ఈ గదిలో యంత్రాలతోనే అవుతుంది. వేరేచోట మొదలుపెట్టాలంటే ఏడాది."

"పిల్లకి ఏడాది ఉందా?"

ఆయన చూపు పసుపు గొట్టం మీదికి పోయింది.

అప్పుడు నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ రెండు విడతలు పనిచేయలేదని వార్డు డాక్టరుకి ఈ పూటే, తన నోటితోనే చెప్పాలి. కొత్త మందు వచ్చేదాకా పిల్లను వేరే మందులతో నిలబెట్టే పని వాళ్ళది. ఉప్పమ్మ తిరిగి పనిలోకి వస్తుంది, మేత ఏమిటో ఆమె చెబుతుంది, ఆయన వింటాడు. ఇకమీదట ఎక్కించే ప్రతి సీసాలోంచి ముందు ఒక చుక్క పసుపు నీళ్ళలో, నా కళ్ళముందు పడాలి. ఒక్కసారి రంగు తిరగకపోతే ఈ రెండు గొట్టాలూ ఎవరి చేతికి వెళ్ళాలో వాళ్ళ చేతికి వెళతాయి.

"బదులుగా?" అన్నాడు.

"బదులుగా మీరు బయట ఉంటారు."

"మీరు నన్ను క్షమించారా?"

"లేదు," అన్నాను.

*

లక్క సాయంత్రం లక్క, దారం, దీపం అన్నీ పట్టుకుని వచ్చాడు. కానిస్టేబులు మెయిన్ స్విచ్ దగ్గర చెయ్యి పెట్టి నిలబడ్డాడు. గొట్టాలు ఊపే యంత్రం ఇంకా తిరుగుతోంది.

నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"దొంగతనం జరగలేదు," అన్నాను. "చెత్తతో పాటు పొరపాటున కుక్కర్‌లోకి వెళ్ళాయి. పెద్దసారు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నారు. రాసిచ్చారు."

కాగితం చూశాడు. పెద్దసారును చూశాడు. తర్వాత నన్ను చూశాడు, తీరిగ్గా.

"పొద్దున గాదె అన్నారు, గుప్పెడన్నారు. ఇంకెవరికీ మిగలకూడదని ఎవరో కావాలని చేశారన్నారు."

"అన్నాను."

"మరి?"

"పొరబడ్డాను."

"వినబడలేదు గురువుగారూ. మావాళ్ళకి కూడా వినబడేలా చెప్పండి."

"పొరబడ్డాను," అన్నాను, గది చివరిదాకా వినబడేలా. "వయసు మీదపడింది. సొంతవాళ్ళ పిల్ల కాబట్టి బుర్ర పనిచేయలేదు."

లక్క దీపం ఊదేశాడు. వాడికి ఆ కేసు కన్నా ఈ మాట ఎక్కువ. ఏళ్ళ తరబడి దాని కోసమే ఎదురుచూశాడు. రేపటికి డిపార్ట్‌మెంటులో ప్రతి టీ బల్ల దగ్గరా ఇదే చెప్పుకుంటారని నాకు తెలుసు. ఆ అమ్మాయిని వదిలేయమని ఫోన్ చేశాడు. పోతూ పోతూ నా భుజం తట్టి, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నాడు. నా కింద పనిచేసినవాడు నా భుజం తట్టాడు. తట్టనిచ్చాను.

చీకటి పడకముందే ఉప్పమ్మ క్యారియర్‌తో వచ్చింది. అడుగు గిన్నెలో తడిగుడ్డ, గుడ్డలో గొట్టం. నూనె కింద బూజు చిన్న బూడిద మరకలా ఉంది, గోరంత. బతికి ఉందా అని అడిగాను. తెలియదంది. ఇన్నేళ్ళు నూనె కింద నిద్రపోయినవి కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు అంది. సూదిమొనతో గోకి, చక్కెర లేని కటిక మేత మీద పెట్టింది. పెద్దసారు పక్కన నిలబడి చూశాడు. లేచిందో లేదో తెలియడానికి రోజులు పడుతుందట. లేచినా మందు కావడానికి వారాలు. పిల్ల రక్తం అన్ని రోజులు ఆగుతుందో లేదో ఆ గదిలో ఎవరూ అనలేదు. చేతులు కడుక్కుని ఆమె కుక్కర్ మూత తెరిచి, అడుగున ఉప్పు తుడవడం మొదలుపెట్టింది.

*

వార్డులో గువ్వ నిద్రపోతోంది. తల మీద కొత్తగా మొలిచిన వెంట్రుకలు దిండుకి రాసుకుని ఒక పక్కకే వాలాయి. వార్డు డాక్టరు అప్పటికే వచ్చి వెళ్ళాడు. మరదలు వరండాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"మందు మారుస్తామంటున్నారు. చెడ్డకణాలు మళ్ళీ వచ్చాయంటున్నారు. మొన్నటిదాకా బాగుందన్నారు కదా బావగారూ, ఉన్నట్టుండి ఎందుకొచ్చాయి?"

"జబ్బు కదా."

"దొంగ దొరికాడా?"

"దొంగ లేడు. పొరపాటు."

"మీరు పొరబడ్డారని కింద పోలీసులు నవ్వుకుంటున్నారు. మీరు పొరబడటం నేనెప్పుడూ చూడలేదు." ఒక్క అడుగు దగ్గరికి వచ్చింది. "అబద్ధం చెప్పేటప్పుడు మీరు గోడకేసి చూస్తారని అక్క చెప్పేది. ఇందాకటినించీ గోడకేసే చూస్తున్నారు. నా బిడ్డకి ఏం చేశారు వాళ్ళు?"

చెబితే ఈ క్షణమే పెద్దసారు గది తలుపు బద్దలు కొడుతుంది. కొట్టాలి కూడా. కొట్టిన మరుక్షణం యంత్రాలు ఆగుతాయి, ఆ గోరంత మరక ఆగుతుంది. చెప్పకపోతే ఈవిడ రోజూ ఆయనకి నమస్కారం పెడుతుంది. బిడ్డను బతికిస్తున్న దేవుడని. నేను పక్కన నిలబడి చూడాలి.

"బావగారూ."

"ఆయన ప్రతి విడతకీ నన్ను పిలుస్తాడు. నేను వచ్చాకే సూది వేయించు. నేను లేకపోతే వేయనివ్వకు."

"ఎందుకు?"

"వేయనివ్వకు, అంతే."

"ఎందుకో చెప్పండి. పిల్ల మీద ఒట్టు, ఎవరితోనూ అనను. అక్క మీద ఒట్టు."

గోడ మీంచి చూపు తిప్పుకుని ఆమె కళ్ళలోకి చూశాను.

"ఈ సంగతి నన్ను ఇంకెప్పుడూ అడగకు. పిల్ల బతికినా అడగకు, బతక్కపోయినా అడగకు. నువ్వు కాదు, మీ అక్క లేచొచ్చి అడిగినా చెప్పను."